మీరడిగారు: రోమన్ల ఇళ్లలో ఏమేం ఉండేవి?

పోయిన నెల, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన రోమన్ ఊరు పాంపే గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సీజర్ గురించి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ అడిగింది గిన్నెలు, తాళాలు, జాడీలు, మరుగుదొడ్ల గురించే. నాకు చాలా సంతోషమనిపించింది. రోమ్ అనగానే స్తంభాలు, విగ్రహాలు, యుద్ధాలు చూపించి వదిలేస్తారు తప్ప, ఆ ఊళ్లో పొద్దున్నే లేచి పనికి పోయిన లక్షలమంది చేతుల్లో ఏముండేదో చెప్పేవాళ్లు తక్కువ. వాళ్లలో చాలామంది తమ గురించి ఒక్క అక్షరం కూడా రాసి పెట్టలేదు, వాడి పారేసిన వస్తువుల్ని బట్టే వాళ్ల బతుకు మనకు తెలుస్తోంది. అందుకే ఈసారి పేజీలన్నీ ఆ వస్తువులకే.

ప్రశ్న: రోమన్లకు సబ్బు తెలియదంటారు. మరి అంతంత పెద్ద స్నానశాలలు కట్టుకుని ఒళ్లు దేంతో రుద్దుకునేవాళ్లు?

నూనెతోనండి. ఒంటికి ఆలివ్ నూనె పట్టించి, కాసేపు కసరత్తు చేసో, బంతాట ఆడో, లేదంటే వేడి గదిలో కూర్చునో బాగా చెమట పట్టనిచ్చి, ఆ నూనె, చెమట, దుమ్ము కలిసిన జిడ్డునంతా స్ట్రిజిల్ అనే వంకర బద్దతో గీకి తీసేసేవాళ్లు. ఇనుముతోనో కంచుతోనో చేసిన ఈ బద్దకు పట్టుకోడానికి పిడి ఉంటుంది, వంపు లోపలివైపు గాడి ఉంటుంది, గీకిన జిడ్డు ఆ గాడిలోంచి కిందికి కారిపోతుంది. పాంపేలో నాలుగు స్ట్రిజిల్‌లు, ఒక నూనె బుడ్డి, ఒక పిడి గిన్నె, అన్నీ ఒకే లోహపు కడియానికి తగిలించి ఉన్న సెట్ దొరికింది, స్నానానికి వెళ్లేటప్పుడు ఆ కడియం చేత్తో పట్టుకుపోతే చాలు. సబ్బు వాళ్లకు బొత్తిగా తెలియదనడం మాత్రం సరికాదు. కొవ్వు, బూడిద కలిపి గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) జాతివాళ్లు చేసే సబ్బు గురించి రోమన్ రచయిత ప్లినీ రాశాడు, కాకపోతే అది జుట్టుకు ఎర్ర రంగు తెచ్చుకోడానికి.

వీపు ఎవరు గీకాలన్నది అసలు సమస్య. డబ్బున్నవాళ్లు బానిసను వెంటబెట్టుకొచ్చేవాళ్లు. హాడ్రియన్ చక్రవర్తికి జనంతో కలిసి స్నానం చేసే అలవాటుండేది, ఒకసారి సైన్యంలో తనకు తెలిసిన ముసలి సైనికుడొకడు గోడకు వీపు రుద్దుకుంటుంటే చూసి ఎందుకని అడిగాడు, గీకడానికి బానిస లేడని అతను చెప్పాడు, చక్రవర్తి అతనికి బానిసల్నీ వాళ్ల పోషణకు డబ్బునూ ఇచ్చాడు. ఇంకోరోజు చక్రవర్తి రాగానే చాలామంది ముసలివాళ్లు గోడలకు వీపులు రుద్దడం మొదలుపెట్టారట, ఈసారి ఆయన ఒకరి వీపు ఒకరు గీక్కోండన్నాడు. హాడ్రియన్ పోయిన చాలాకాలానికి రాసిన జీవితచరిత్రలోని కథ ఇది, కొంచెం తగ్గించే నమ్మాలి, కానీ బానిస లేనివాడికి గోడే గతి అన్నది చదివేవాళ్లందరికీ తెలిసిన సంగతి కాకపోతే ఈ కథ పుట్టదు.

గీకిన జిడ్డును కూడా పారబోయలేదు. వ్యాయామశాలల్లో మల్లుల ఒంటి మీది జిడ్డును మందుగా వాడేవాళ్లు. దాన్ని 80,000 సెస్టర్షియస్ నాణేలకు అమ్మిన వ్యాయామశాల అధికారులున్నారని ప్లినీ రాశాడు, అప్పట్లో మామూలు సైనికుడి ఏడాది జీతం 900 సెస్టర్షియస్‌లు! ఇంకో సంగతి. ఒంటిని గీక్కుంటున్న ఆటగాడి విగ్రహం ఒకటి, గ్రీకు శిల్పి లైసిప్పస్ చేసింది, అగ్రిప్పా స్నానశాల ముందు ఉండేది. టైబీరియస్ చక్రవర్తి దాన్ని తన పడకగదికి తరలిస్తే రోమ్ జనం నాటకశాలలో గోల చేసి మరీ వెనక్కి పెట్టించారు.

ప్రశ్న: స్నానానికి దిగినప్పుడు బట్టలు ఎక్కడ పెట్టేవాళ్లు? పోయేవి కావా?

పోయేవి, బాగా పోయేవి. బట్టలు విడిచే గదిలో గోడలకు గూళ్లుండేవి, కాపలాకు మనిషిని పెట్టుకున్నవాళ్లకు పర్వాలేదు, మిగతావాళ్లకు టెన్షనే. ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరుంది, అక్కడి వేడినీటి బుగ్గలో 130 దాకా సీసం, తగరం కలిసిన పల్చటి రేకులు దొరికాయి, చాలావాటి మీద ఉన్నది దొంగల మీద శాపాలే. డొసిలియానస్ అనే అతను టోపీ ఉన్న తన పైవస్త్రం పోయిందని సులిస్ దేవతకు మొరపెట్టుకుంటూ, ఎత్తుకుపోయింది మగైనా ఆడైనా, బానిసైనా కాకపోయినా, ఆ వస్త్రం తెచ్చి గుడిలో పెట్టేదాకా నిద్రా పిల్లలూ లేకుండా చెయ్యమని రాశాడు. ఒక్క బట్ట కోసం ఇంత కోపమా అనుకోకండి. నూలు వడకడం నుంచి నేత దాకా అంతా చేతి పనే అయిన రోజుల్లో ఒక మంచి పైవస్త్రం అంటే పేదవాడికి ఆస్తే.

ప్రశ్న: కర్రకు స్పాంజి గుచ్చి మరుగుదొడ్లో అందరూ అదే వాడేవాళ్లని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

కర్ర, స్పాంజి రెండూ నిజం. రోమన్ తత్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో, గ్లాడియేటర్లకు తర్ఫీదిచ్చే చోట మరుగుదొడ్లో ఒంటిని శుభ్రం చేసుకోడానికి పెట్టిన స్పాంజి కర్ర గురించి రాశాడు. అది ఒంటికి కాదు, ఆ గచ్చు కడగడానికి వాడిన బ్రష్ అని వాదించే పరిశోధకులూ ఉన్నారు, కానీ సెనెకా మాట ఉన్నదున్నట్టు చదివితే నాకు మొదటిదే సరి అనిపిస్తుంది. అక్కడ అది పెట్టి ఉంచిన వస్తువు కాబట్టి ఒకరికంటే ఎక్కువమందే వాడి ఉంటారు.

రోమ్ రేవు పట్టణం ఓస్టియాలోనూ, ఇప్పటి టర్కీలోని ఎఫెసస్‌లోనూ మిగిలిన పబ్లిక్ మరుగుదొడ్లలో పొడవాటి రాతి బల్ల, దాని మీద వరసగా రంధ్రాలు కనిపిస్తాయి, మనిషికీ మనిషికీ మధ్య అడ్డం లేదు, కింద నీళ్లు పారే కాలువ, కాళ్ల ముందు నేల మీద ఇంకో సన్న కాలువ. చూడ్డానికి చాలా శుభ్రమైన ఏర్పాటులా ఉంటుంది గానీ, రోమన్ కాలపు మరుగుదొడ్ల మట్టిని పరీక్షిస్తే కొరడా పురుగుల గుడ్లు, ఏలికపాముల గుడ్లు దొరుకుతూనే ఉన్నాయి.

మూత్రానికి కూడా గిరాకీ ఉండేది. నిలవ ఉంటే అందులో అమ్మోనియా పుడుతుంది, అది జిడ్డును విరుస్తుంది, అందుకే బట్టలు శుభ్రం చేసే కార్ఖానాల్లో తొట్టెల్లో పోసి బట్టలు వేసి కాళ్లతో తొక్కేవాళ్లు. వెస్పేసియన్ చక్రవర్తి దాని మీద పన్ను వేస్తే కొడుకు టైటస్‌కు నచ్చలేదు. ఆ పన్నులో వచ్చిన మొదటి డబ్బును తండ్రి కొడుకు ముక్కు దగ్గర పెట్టి కంపు కొడుతోందా అని అడిగాడు, లేదన్నాడు టైటస్, ఇది మూత్రంలోంచి వచ్చిందే కదా అన్నాడు తండ్రి.

ప్రశ్న: అడుగు మొనదేలిన పెద్ద జాడీలు ప్రతి రోమన్ బొమ్మలోనూ కనిపిస్తాయి. నేల మీద నిలబడని జాడీ ఎందుకు చేసుకున్నారు?

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా థాంక్స్, ఎందుకంటే రోమ్ ఎలా తిని బతికిందో తెలియాలంటే ఈ ఒక్క వస్తువు చాలు.

దాని పేరు ఆంఫోరా. గదిలో నిలబెట్టాలని కాదు, ఓడలో పేర్చాలని చేసింది. కింది వరస జాడీల మెడల మధ్య ఖాళీలో పై వరస జాడీల మొనలు దిగుతాయి, మధ్యలో రెల్లు, కొమ్మలు కుక్కితే అలలకు ఓడ ఊగినా కదలవు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మడ్రాగ్ ద జియాన్ దగ్గర క్రీ.పూ. మొదటి శతాబ్దంలో మునిగిన ఓడలో 6,000కు పైగా వైన్ జాడీలు మూడు వరసలుగా ఇలాగే పేర్చి దొరికాయి. ఆ మొనకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, జాడీని వంచి పోసేటప్పుడు ఒక చెయ్యి పైన చెవి పట్టుకుంటే రెండో చెయ్యి ఆ మొన పట్టుకుంటుంది, చివరి చుక్క దాకా వంపొచ్చు. ఇంటికొచ్చాక ఇసకలో గుచ్చేవాళ్లు, లేదా గోడకు చేరేసేవాళ్లు.

అన్నీ మొనదేలినవే అనుకోవద్దు. స్పెయిన్ దక్షిణాన బేటికా ప్రాంతం నుంచి ఆలివ్ నూనె మోసుకొచ్చినవి గుండ్రటి బాన పొట్టవి, ఖాళీవే 30 కిలోల బరువు, నూనె 70 లీటర్ల దాకా పట్టేది. వైన్ జాడీలకు లోపల తారులాంటి జిగురు పూసేవాళ్లు కాబట్టి అవి కారవు, నూనె జాడీలకు అది పనికిరాదు, దాంతో మట్టిలోకి నూనె ఇంకి కొన్నాళ్లకు చెడు వాసన వేస్తుంది, మళ్లీ వాడలేరు. మరి ఆ ఖాళీ జాడీలన్నీ ఏం చేశారంటే, రోమ్‌లో టైబర్ నది రేవు వెనక ఒకచోట పగలగొట్టి, కంపు రాకుండా సున్నం చల్లి, మెట్లు మెట్లుగా పేర్చుకుంటూ పోయారు. అది ఇప్పుడు మోంటే టెస్టాచియో అనే కొండ! దాదాపు 35 మీటర్ల ఎత్తు, చుట్టుకొలత కిలోమీటరు దాకా ఉంటుంది, మొత్తం పెంకులే. 5 కోట్లకు పైగా జాడీలు అందులో ఉన్నాయని అంచనా.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది ఆ పెంకుల మీది రాత. జాడీ ఖాళీ బరువెంత, నూనె బరువెంత, వర్తకుడి పేరేంటి, ఏ ఏడాది, ఎక్కడ తనిఖీ అయింది, అన్నీ సిరాతో రాసి ఉంటాయి. హైన్రిష్ డ్రెసెల్ అనే జర్మన్ పండితుడు 1870లలో వాటిని ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాడు, ఇవాళ్టికీ జాడీల రకాలను ఆయన పెట్టిన నంబర్లతోనే పిలుస్తారు. చరిత్రకారులు ఏ ఏడాది ఎంత నూనె వచ్చిందని లెక్కలు కట్టేది ఈ చెత్త నుంచే. పగిలిన పెంకులను మెత్తగా దంచి సున్నంలో కలిపితే నీళ్లు ఇంకని గచ్చు తయారవుతుంది, తొట్లకు, స్నానశాలలకు అదే పూసేవాళ్లు. పాత జాడీని అడ్డంగా కోసి పసిపిల్లల శవాలను అందులో పెట్టి పూడ్చిన సమాధులు కూడా చాలాచోట్ల బయటపడ్డాయి.

ప్రశ్న: రోమన్లు ఫోర్క్ వాడేవాళ్లా?

భోజనం దగ్గర వాడేవాళ్లు కాదు. విందుల్లో ఎడమ మోచేతి మీద ఆనుకుని పడుకుని కుడిచేత్తో తినేవాళ్లు, మాంసం ముందే కోసి వచ్చేది. చెంచాలు రెండు రకాలు, పెద్దది ఒకటి, కాడ చివర సూదిగా ఉండే చిన్నది ఒకటి. ఆ సూది కొసతో నత్తల్నీ గుల్లల్నీ లోపలి నుంచి లాగేవాళ్లు, గిన్నె వైపుతో గుడ్డు తినేవాళ్లు. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియమ్ మ్యూజియంలో మూడో శతాబ్దపు వెండి పరికరం ఒకటుంది, మడిచి పెట్టుకునే చెంచా, ఫోర్క్, కత్తి, సన్నటి గరిటె, పళ్లు కుట్టుకునే పుల్ల అన్నీ అందులోనే. ప్రయాణాలు చేసే డబ్బున్న మనిషెవరో చేయించుకున్నది అయ్యుంటుంది.

వంటింటి వస్తువుల్లో నాకు వింతగా అనిపించేది డార్‌మౌస్ జాడీ. అది ఉడతను పోలిన ఎలుక జాతి జంతువు. గాలికి చిల్లులు, లోపల గోడ వెంట తిరగడానికి మెట్లు పెట్టి కాల్చిన మట్టి జాడీలో దాన్ని చీకట్లో ఉంచి, గింజలు వేసి కొవ్వు పట్టించి వండుకునేవాళ్లు. వారో అనే రోమన్ పండితుడు తన వ్యవసాయ గ్రంథంలో ఈ జాడీ ఎలా చెయ్యాలో రాశాడు, అలాంటివే తవ్వకాల్లో దొరికాయి.

ప్రశ్న: కాగితం లేని రోజుల్లో అప్పు పత్రాలు, ఉత్తరాలు దేని మీద రాసేవాళ్లు? అందరికీ పపైరస్ దొరికేదా?

పపైరస్ ఈజిప్టు నుంచి రావాలి, రోజువారీ లెక్కలకు మైనపు పలకలే ఎక్కువ వాడారు. చెక్క పలక మధ్యలో పల్లంగా చెక్కి, అందులో నల్ల రంగు కలిపిన మైనం పోసి, ఇనప ఘంటంతో గీస్తే రాత పడుతుంది. ఘంటానికి ఒక కొస సూది, రెండో కొస చదును, తప్పు రాస్తే చదును వైపుతో మైనం నున్నగా చేసి మళ్లీ రాయొచ్చు. రెండు మూడు పలకల్ని కలిపి కట్టి పైన సీలు వేస్తే అది చట్టబద్ధమైన పత్రం. పాంపేలో లూసియస్ కెకీలియస్ యుకుండస్ అనే వేలం వ్యాపారి ఇంట్లో 1875లో ఇలాంటివి 150కి పైగా ఒకే పెట్టెలో దొరికాయి, ఎవరి సరుకు ఎంతకు పోయింది, ఎవరికి ఎంత ఇచ్చాడు, సాక్షులెవరు, అన్నీ ఉన్నాయి.

లండన్ నడిబొడ్డున 2010 నుంచి 2014 దాకా జరిగిన తవ్వకాల్లో 400కు పైగా పలకలు బయటపడ్డాయి. మైనం ఎప్పుడో పోయింది, కానీ గట్టిగా రాసినప్పుడు ఘంటం మొన కింది చెక్క మీద కూడా గీత పెట్టింది, పక్క నుంచి లైటు వేసి ఫొటోలు తీసి ఆ గీతల్నే చదివారు. వాటిలో ఒకటి క్రీ.శ. 57 జనవరి 8న రాసిన అప్పు పత్రం. అదే చోట దొరికిన ఒక ఘంటం నాకు చాలా ఇష్టం. దాని నాలుగు పక్కలా చిన్న అక్షరాలతో చెక్కి ఉన్నదాని సారాంశం ఇది: రోమ్ నుంచి వచ్చాను, నన్ను గుర్తుంచుకుంటావని మొన ఉన్న కానుక తెచ్చాను, దారి ఎంత పొడుగో అంత ధారాళంగా ఇవ్వాలనుంది కానీ నా సంచీ ఖాళీ. క్రీ.శ. 70 ప్రాంతంలో, చౌక వస్తువే తేగలిగిన ఒక మనిషి ఇచ్చిన కానుక ఇది.

మైనం ఒక్కటే కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా సైనిక శిబిరంలో 1973లో బయటపడ్డ ఉత్తరాలు పల్చటి చెక్క రేకుల మీద సిరాతో రాసినవి. ఎవరికో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోపలి బట్టలు పంపుతున్నామని ఒక ఉత్తరంలో ఉంది. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే సేనాధికారి భార్య ఇంకో అధికారి భార్య లెపిడీనాను సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకు పిలిచింది. ఉత్తరమంతా రాయసగాడు రాశాడు, చివర్లో నీకోసం ఎదురు చూస్తుంటాను అక్కా అని ఆమె తన చేత్తో రాసింది. ఒక స్త్రీ సొంత దస్తూరీలో మనకు మిగిలిన తొలి లాటిన్ రాతల్లో ఇదొకటి.

ప్రశ్న: రోమన్ బట్టలకు జేబులు ఉండేవి కావట. తాళంచెవులు ఎక్కడ పెట్టుకునేవాళ్లు?

వేలికి! ఉంగరానికే చిన్న తాళంచెవి అతికి ఉండేది, నగల పెట్టె, డబ్బు పెట్టె తాళాలు అలా వేలి మీదే తిరిగేవి. ఇంటి తలుపు చెవులు పెద్దవి, ఇనుమువి, వాటిని చేత్తో మోయాల్సిందే. బట్టలకు బొత్తాలు కూడా తక్కువే, భుజం దగ్గర ఫిబ్యులా అనే స్ప్రింగు పిన్నుతో పట్టించేవాళ్లు, అవి వేలకు వేలు దొరుకుతాయి, వాటి ఆకారం చూసి ఏ కాలానివో చెప్పేస్తారు.

ప్రశ్న: గడియారం లేకుండా టైం ఎలా చూసుకునేవాళ్లు?

పగటిని 12 భాగాలు, రాత్రిని 12 భాగాలు చేసేవాళ్లు, కాబట్టి వాళ్ల గంట ఎప్పుడూ ఒకేలా ఉండదు, రోమ్‌లో ఎండాకాలం పగటి గంట మన లెక్కలో 75 నిమిషాలైతే చలికాలం 45 నిమిషాలే. నీడ గడియారాలు ఊరి నడిబొడ్డునా ఇళ్ల తోటల్లోనూ ఉండేవి. క్రీ.పూ. 263లో సిసిలీలోని కటానియా నుంచి యుద్ధంలో గెలిచి తెచ్చిన నీడ గడియారాన్ని రోమ్‌లో పెట్టారు, అది కటానియా అక్షాంశానికి గీసినది, రోమ్‌లో తప్పు చూపిస్తుంది, అయినా 99 ఏళ్లు దాని ప్రకారమే నడిచారని ప్లినీ రాశాడు. జేబు సైజువీ ఉండేవి, పాంపేతో పాటే పూడిపోయిన హెర్కులేనియం ఊళ్లో 18వ శతాబ్దంలో దొరికిన ఒక కంచు నీడ గడియారం అచ్చం పంది తొడ మాంసం ఆకారంలో ఉంటుంది, దాన్ని వేలాడదీసి తోక నీడ ఏ నెల గీత మీద ఎక్కడ పడిందో చూడాలి.

ప్రశ్న: పన్నెండు ముఖాల కంచు బంతి మీద ఇంటర్నెట్‌లో రోజుకో సిద్ధాంతం వస్తోంది. మీరేమంటారు?

ముందు వస్తువేంటో చెప్తాను. లోపల డొల్లగా పోతపోసిన కంచు, పన్నెండు ముఖాలు, ప్రతి ముఖం మీదా వేర్వేరు సైజు గుండ్రటి రంధ్రం, 20 మూలల్లోనూ చిన్న గుబ్బలు. 100కు పైగా దొరికాయి, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ వైపే, ఇటలీలో ఒక్కటీ లేదు. 2023లో ఇంగ్లండ్‌లోని నార్టన్ డిస్నీ ఊళ్లో ఔత్సాహికుల తవ్వకంలో చెక్కుచెదరనిది ఒకటి బయటపడింది. ఏ రోమన్ రచయితా వీటి గురించి రాయలేదు, ఏ చిత్రంలోనూ కనపడదు.

ఉన్ని గ్లౌజుల వేళ్లు అల్లడానికి అనే వీడియో బాగా తిరుగుతోంది, చూడ్డానికి నమ్మబుద్ధేస్తుంది, కానీ అలాంటి అల్లిక ఆ కాలంలో ఉందనడానికి ఆధారమే లేదు. కొలతల పరికరం అన్నవాళ్లకు నేనడిగేది ఒకటే, ఏ రెండూ ఒకే సైజులో లేవు, 4 సెంటీమీటర్ల నుంచి 11 సెంటీమీటర్ల దాకా ఉన్నాయి, అంకెలు లేవు, అరిగిన గుర్తులు కూడా లేవు, అలాంటి కొలబద్దను ఎవరు వాడతారు? కొన్ని నాణేల నిధులతో కలిసి దొరికాయి, అంటే విలువైనదిగానే దాచుకున్నారు. పైగా పోతపోయడం చాలా కష్టమైన ఆకారం. దేవుడికో జోస్యానికో సంబంధించిన వస్తువు, గాల్, బ్రిటన్ ప్రాంతాల నమ్మకాలకు చెందినది అనే మాటకే నా ఓటు.

ప్రశ్న: పిల్లల ఆటవస్తువులు ఏమైనా మిగిలాయా?

మిగిలాయి. చక్రాల మట్టి గుర్రాలు, బొంగరాలు, గిలక్కాయలు చాలా ఉన్నాయి. 1889లో రోమ్‌లో క్రెపెరియా ట్రిఫేనా అనే యువతి రాతి శవపేటిక తెరిస్తే దంతపు బొమ్మ ఒకటి కనపడింది, మోచేతులు, మోకాళ్లు వంగుతాయి, జుట్టు ముడి రెండో శతాబ్దపు ఫ్యాషన్ ప్రకారం చెక్కి ఉంది. హెర్కులేనియంలో చెక్క ఉయ్యాల తొట్టి బొగ్గుగా మారి మిగిలింది, పసిబిడ్డ ఎముకలతో సహా. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆటలు పెద్దవాళ్లవి కూడా. పాచికలు ఎముకతో చేసినవి, ఎదురెదురు ముఖాలు కలిపితే మన పాచికల్లాగే ఏడు. చేతివాటం చూపించకుండా పాచికల్ని పైనుంచి వేస్తే మెట్ల మీదుగా దొర్లి కింద పడే కంచు గోపురం ఒకటి జర్మనీలోని ఫ్రోయిట్స్‌హైమ్‌లో దొరికింది. పాంపేలో ఒక సారాకొట్టు గోడ మీద వరసగా బొమ్మలు, మాటలు ఉన్నాయి. ఒకడు నేను గెలిచానంటాడు, రెండోవాడు అది మూడు కాదు రెండు అంటాడు, చివరికి కొట్టుకుంటుంటే యజమాని ఇద్దర్నీ బయటికి పోయి తేల్చుకోమంటాడు.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ డబ్బున్నవాళ్ల వస్తువుల్లాగే ఉన్నాయి. పేదవాడి ఇంట్లో ఏముండేది?

మంచి ప్రశ్న, కాకపోతే పైన చెప్పిన వాటిలో సగానికి పైగా మామూలు మనుషుల చేతిలో ఉన్నవే. రోమ్‌లో అద్దె మేడల పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు చాలామందికి వంటగది లేదు. వేడి తిండి వీధి చివర కొట్లో తినేవాళ్లు, ఆ కొట్ల అరుగుల్లో పెద్ద జాడీలు పూడ్చి ఉండేవి. పాంపేలో ఒక కొట్టు గోడ మీద ధరలు రాసి ఉన్నాయి, ఒక అస్ నాణేనికి ఇక్కడ తాగొచ్చు, రెండిస్తే ఇంకా మంచిది, నాలుగిస్తే ఫలెర్నియన్ అనే మేలురకం వైన్ అని. డెనారియస్ అనే వెండి నాణేనికి 16 అస్‌లు.

గదిలో ఉండేవి ఒక మట్టి ప్రమిద, నీళ్ల కూజా, ఒకటి రెండు గిన్నెలు, మంచం, పెట్టె. ప్రమిదలు అచ్చుల్లో వేలకొద్దీ పోసేవాళ్లు, ఫోర్టిస్ అనే ముద్ర ఉన్నవి ఎంత అమ్ముడయ్యాయంటే వేరే ప్రాంతాల్లో ఆ ముద్రతో సహా కాపీ కొట్టారు. నున్నటి ఎర్ర మట్టి గిన్నెలు దక్షిణ ఫ్రాన్స్‌లోని లా గ్రోఫెసాంక్‌లో ఒక్క ఆవంలో 30,000 దాకా కాల్చేవాళ్లు, లెక్కలు పళ్లాల వెనక గీకి ఉన్నాయి. అక్కడి గిన్నెలు 90, ప్రమిదలతో పాటు పెట్టె కూడా విప్పకుండా పాంపేలో దొరికాయి, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలడానికి కాస్త ముందు వచ్చిన సరుకు. గాజు అయితే మొదట్లో రాజుల వస్తువు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో సిరియా, పాలస్తీనా వైపు గొట్టంతో ఊది గాజు చెయ్యడం కనిపెట్టాక, రోమ్‌లో ఒక రాగి నాణేనికి గాజు కప్పు వచ్చేదని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. పేదవాడి బల్ల మీదికి గాజు వచ్చింది అప్పుడే.

ప్రశ్న: మట్టిలోంచి ఏదో తీసి ఇది ఫలానా పనికి వాడారని ఎలా చెప్పగలరు? ఊహే కదా?

కొన్నిసార్లు ఊహే, అందుకే కొన్ని తప్పవుతాయి. కానీ ఇప్పుడు పాత్రకు అంటుకున్న మడ్డిని పరీక్షించే పద్ధతులు వచ్చాయి. 2003లో లండన్‌లో ఒక గుడి దగ్గర మూత బిగించి ఉన్న తగరం డబ్బీ దొరికింది, తెరిస్తే తెల్లటి క్రీము, దాని మీద వేళ్ల గుర్తులు కూడా చెక్కుచెదరలేదు. పరీక్షిస్తే జంతువుల కొవ్వు, పిండి పదార్థం, తగరం ఆక్సైడ్ అని తేలింది, అంటే ముఖానికి తెలుపు ఇచ్చే పూత. విషం అయిన సీసం బదులు తగరం వాడారన్నది అప్పటిదాకా ఎవరూ అనుకోని విషయం.

ఇంకోటి సిసిలీలోని జెరాచే అనే చోట, ఐదో శతాబ్దపు భవనం పక్క స్నానశాలలో దొరికిన పాత్ర. దాదాపు 32 సెంటీమీటర్ల ఎత్తు, పైకి పోనుపోను వెడల్పు, లోపల గట్టిపడిన పాచి. ఇలాంటి పాత్రలు రోమన్ ప్రపంచమంతా దొరికాయి, చాలావరకు సరుకు నిల్వ చేసే జాడీలని అనుకున్నారు. ఆ పాచిని గీకి మైక్రోస్కోపు కింద పెడితే కొరడా పురుగు గుడ్లు కనిపించాయి. ఆ పురుగు ఉండేది మనిషి పేగుల్లో, దాని గుడ్లు బయటికొచ్చేది మలంతోనే. కాబట్టి అది రాత్రిపూట మరుగుదొడ్డిగా వాడిన పాత్రే. 2022లో ప్రకటించిన ఈ పద్ధతి లోపల పాచి మిగిలిన మిగతా పాత్రల మీద కూడా పనిచేస్తుంది, జాడీలని రాసి పెట్టిన వాటిలో ఇంకొన్నిటి చీటీ మార్చాల్సి రావచ్చు.